సగం మెలకువ

అయినా నాలో సగం ఇన్నేళ్లుగా నిద్రపోతోందని నాకు తెలియకపోవడంలో వింతేముంది? నిద్రలో ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎవరు చెబుతారు? మేలుకుని ఉన్న మిగతా సగం చెప్పాలి. అది తన పనేదో తను చూసుకుంటూ ఉండిపోయింది. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, బస్సెక్కి, ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉన్న ఈ చీకటి గదికి వచ్చి, ఊళ్లోవాళ్ల రక్తం చూస్తూ కూర్చుంది. తన రక్తం ఎన్నడూ చూసుకోలేదు.

తెర మీద రెండు దిబ్బలున్నాయి. కళ్లు మూసి తెరిచాను. రెండే ఉన్నాయి.

ఉండాల్సింది ఒకటి. మా యంత్రం రక్తకణాలను సన్నటి నీటిధారలో ఒకదాని వెనక ఒకటి నడిపిస్తుంది. ఒక్కొక్కదాని మీదా లేజర్ వెలుగు వేసి, ఏది ఎంత మెరిసిందో చెబుతుంది. మేం వెతికే ప్రోటీన్‌కి ముందే రంగు పట్టిస్తాం కాబట్టి అది ఉన్న కణం మెరుస్తుంది, లేనిది మెరవదు. మెరిసినవన్నీ తెర మీద కుడివైపు దిబ్బలా పోగవుతాయి, మెరవనివి ఎడమవైపు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కుడివైపు ఒక్కటే దిబ్బ. జబ్బున్న పిల్లాడికి ఎడమవైపు ఒక్కటే. నాకు అటొకటి, ఇటొకటి, మధ్యలో చిన్న పల్లం. ఆ పల్లంలో ఎవరైనా చాప పరుచుకుని పడుకోవచ్చు అనిపించేంత నున్నగా ఉంది.

ఆ ప్రోటీన్‌ని మేం బీటీకే అంటాం. పూర్తి పేరు నోరు తిరగనిది. నాకు మాత్రం అది ఒక ఇంట్లో మనిషిలా కనిపిస్తుంది. ఇంట్లో అందరూ వాళ్ల వాళ్ల గదుల్లో ఉంటారు, ఎవరో తలుపు తడతారు, ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది కానీ లేచి వెళ్లి లోపలి గదిలో పెద్దవాళ్లకి చెప్పేది ఒక్కరే. ఆ ఒక్కరూ లేకపోతే చప్పుడు చప్పుడుగానే ఉండిపోతుంది. రక్తంలో బి కణాలని ఉంటాయి. వాటి ఒంటి మీది తలుపులు తట్టినప్పుడు ఆ కబురు లోపలికి మోసేది ఈ ప్రోటీనే. ఇది లేకపోతే ఆ కణాలు ఎముక మూలుగలోనే, ఎదగకుండా, ఆగిపోతాయి. అవి లేకపోతే ఒంట్లో యాంటీబాడీలు తయారు కావు. అలాంటి పిల్లాడు పుట్టినప్పుడు బాగానే ఉంటాడు. కడుపులో ఉండగా తల్లి పంపిన యాంటీబాడీలు కొన్ని నెలలు కాపలా కాస్తాయి. అవి కరిగిపోయాక మొదలవుతుంది. చెవిలో చీము, ఛాతీలో కఫం, జ్వరం వెనక జ్వరం.

దాదాపు అందరూ మగపిల్లలే. ఈ ప్రోటీన్‌ని తయారు చేయించే జన్యువు మగవాళ్లలో ఒక్కటే, తల్లి నుంచి వచ్చింది. ఆడవాళ్లలో అది రెండు చోట్ల ఉంటుంది, తల్లి నుంచి వచ్చింది ఒకటి, తండ్రి నుంచి వచ్చింది ఒకటి. ప్రతి కణమూ రెంటిలో ఏదో ఒకదాన్ని జోకొట్టి పడుకోబెడుతుంది. ఎందుకు అదే, ఎందుకు ఇది కాదు అంటే జవాబు లేదు. ఒకటి చెడ్డదైతే, సగం కణాలు మంచిదాన్ని లేపుకుంటాయి, సగం చెడ్డదాన్ని. ఆ ఆడమనిషికి ఏ జబ్బూ రాదు. ఆమె కొడుకుకి రావచ్చు. ఆమె చెల్లెలి కొడుక్కీ రావచ్చు.

నాకు కొడుకు లేడు. చెల్లికి ఉన్నాడు.

ఇది రెండోసారి చూడటం. మొదటిసారి పొద్దున. జబ్బు అనుమానంతో ఒక పిల్లాడి రక్తం వచ్చింది. అలా వచ్చినప్పుడల్లా దాని పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కూడా పెట్టి చూడాలి, రెంటికీ తేడా తెలియడానికి. దాన్ని కంట్రోల్ అంటాం. కంట్రోల్ కోసం బయటికి ఎక్కడికో పోనక్కర్లేదు, మాలో ఎవరో ఒకరు చెయ్యి చాపితే చాలు. ఈ పరీక్షకి ఎప్పుడూ బాబాయే ఇచ్చేవాడు. బాబాయ్ అంటే మా అందరికంటే ముందు నుంచీ ఇక్కడ పనిచేస్తున్న టెక్నీషియన్. ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. ఈ ఊళ్లో జబ్బులన్నిటికీ తన రక్తమే కొలబద్ద అని ఆయన గొప్ప. ఇవాళ తుమ్ముకుంటూ వచ్చాడు.

"ఇవాళ నేను నార్మల్ కాదమ్మాయ్. మా ఆవిడ పెళ్లయినప్పట్నించీ అంటూనే ఉంది, ఇవాళ్టికి ఒప్పుకుంటున్నా. నీ చెయ్యి ఇలా చాపు."

చాపాను. నా చర్మం కింద నరం తొందరగా దొరకదు. బాబాయ్ వేలితో తడుముతూ, "దాక్కుంది చూడు, నీలాగే మొహమాటం దీనిక్కూడా," అన్నాడు.

తెర మీద మొదటిసారి రెండు దిబ్బలు లేచినప్పుడు డాక్టరమ్మ నా వెనకే ఉంది. మా విభాగానికి పెద్ద ఆవిడ. చెప్పుల చప్పుడు వినపడదు, నుదురు మీదికి తోసుకున్న కళ్లద్దాలు కిందికి దించుకునే చప్పుడు వినపడుతుంది.

"ఏంటమ్మా ఇది? ట్యూబులు కలిపేశావా?"

ఎవరైనా అదే అనుకుంటారు. మెరవని ఆ పిల్లాడి కణాలు కొన్ని మెరిసే నా కణాల్లో పడితే అచ్చం ఇలాగే రెండు దిబ్బలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్ల చేతుల్లో జరుగుతూ ఉంటుంది. నా చేతుల్లో జరగలేదు ఇంతవరకూ.

"ఆ పిల్లాడి చుక్క నీదాంట్లో పడినట్టుంది. పారబోసి మళ్లీ చెయ్యి."

నేనూ అదే నమ్మాను. నమ్మడం కాదు, ఆ మాటని పట్టుకుని వేలాడాను. బాబాయ్ మళ్లీ సూది తీశాడు.

"ఇన్నేళ్లలో నీ చేతిలో చుక్క తొణకడం చూళ్లేదే! ప్రేమలో గానీ పడ్డావా ఏంటి?"

"ఎవరితో, ఈ మెషీన్‌తోనా?"

"దానికంటే మంచి సంబంధం దొరకదులే. ఎదురు మాట్లాడదు, అలిగి పుట్టింటికి పోదు."

బల్ల మీద ఈసారి ఆ పిల్లాడి ట్యూబు లేదు. నాది ఒక్కటే. కడిగాను, రంగు పట్టించాను, చీకట్లో ఉంచాను, మళ్లీ కడిగాను. నా చేతులు నాకంటే తెలివైనవి, వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ పని చేస్తున్నంతసేపూ నేనెక్కడున్నానో నాకు తెలియదు. ఏదో మెట్ల మీద కూర్చుని ఉన్నట్టు మాత్రం గుర్తు.

ఇప్పుడు తెర మీద అవే రెండు దిబ్బలు. కళ్లద్దాలు దిగిన చప్పుడు. ఈసారి డాక్టరమ్మ పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ ఈ గదిలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీకేం కాదు," అంది. "ఇక్కడ చూసినవి వేరే తెల్లకణాలు. నీ బి కణాల్లో మంచివే ఎదుగుతాయి, శుభ్రంగా ఉంటాయి. నువ్వు జబ్బుమనిషివి కాదు, ముందది బుర్రలో పెట్టుకో."

"తెలుసు మేడమ్."

"మీ ఇంట్లో మగపిల్లలెవరన్నా ఉన్నారా?"

"మా చెల్లి కొడుకు."

"ఎలా ఉంటాడు?"

"బాగానే ఉంటాడు."

అది నా మాట కాదు. మా ఇంటి మాట. నా నోట్లోంచి అమ్మ మాట్లాడింది. ఎవరు ఎప్పుడు ఎవరి గురించి అడిగినా అమ్మ ఆ మాటే అంటుంది, అదే గొంతుతో, చివర్న కాస్త పైకి తేల్చి. చెల్లి కొడుకు బాగానే ఉంటాడు. పుట్టిన ఏడాది తిరగకుండానే రెండు చెవులూ చీము పట్టాయి. చలికాలం అంతా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించుకున్నాడు. మొన్న చెల్లి ఫోన్ చేసినప్పుడు కూడా ఒళ్లు వెచ్చగానే ఉంది. బాగానే ఉంటాడు.

"అయినా ఒకసారి తీసుకురా," అంది డాక్టరమ్మ. "జబ్బంటూ ఉంటే, దాచినంత మాత్రాన పోదు. ముందే తెలిస్తే మంచి యాంటీబాడీలు బయటి నుంచి ఎక్కిస్తూ ఉంటారు, స్కూలుకి పోతాడు, బంతాట ఆడతాడు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు పాడవుతాయి. నీకు చెప్పేదేముంది."

నాకు చెప్పేదేమీ లేదు. ఈ మాటలు నేనే ఎంతమంది తల్లులకి చెప్పలేదు!

బాబాయ్ నా మోచేతి మీద దూది నొక్కి, "చెయ్యి మడిచి పెట్టుకో. వదలకు," అన్నాడు. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. అయినా బస్సులో కూడా చెయ్యి మడిచే పెట్టుకున్నాను.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాకు సగం నిద్ర వస్తుంది. పూర్తిగా రాదు. స్టాపుల పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. వాటి మధ్య వేరే చోటు ఏదో తెరుచుకుంటుంది.

ఒక పొడవాటి వసారా. రెండు వైపులా తలుపులు. ప్రతి తలుపు ముందూ మా తమ్ముడు నిలబడి తడుతున్నాడు. అన్ని తలుపుల ముందూ వాడే, అదే గళ్ల చొక్కా. తలుపుల వెనక అన్ని గదుల్లోనూ నేనే. కొన్ని గదుల్లో లేచి వస్తున్నాను. కొన్ని గదుల్లో మంచం మీద పడుకుని, ఆ చప్పుడు వాన చప్పుడనుకుని, హాయిగా దుప్పటి లాక్కుంటున్నాను. లేచి వస్తున్న నాకు, దుప్పటి లాక్కుంటున్న నా మీద కోపం రావడం లేదు. అదే భయంగా ఉంది. వాడు గట్టిగా తట్టడం లేదు. తట్టొచ్చా అని అడుగుతున్నట్టు తడుతున్నాడు.

కండక్టరు భుజం తట్టి, "టికెట్టమ్మా," అన్నాడు. చూపించాను.

తమ్ముడి గురించి మా ఇంట్లో మాట్లాడరు. నాకూ చెల్లికీ మధ్య పుట్టినవాడు. మాటలు బాగా వచ్చి, పరుగు ఇంకా సరిగా రాకముందే పోయాడు. చెల్లి అప్పటికి అమ్మ కడుపులో ఉంది. నాకు గుర్తున్నవి కొన్నే. చెవిలో దూది, ఆ దూది వాసన. నవ్వితే దగ్గొచ్చేది కాబట్టి, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగి, నవ్వనా అని అడిగినట్టు మా మొహాలు చూసేవాడు. మేం నవ్వుతుంటే అప్పుడు నవ్వేవాడు.

చివరి జ్వరం రావడానికి ముందు అమ్మ వాడికి నీళ్లు పోస్తోంది. ఎవరో వచ్చి పిలిచారు. తడి ఒంటితో వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి వెళ్లి, రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి నీళ్లు చల్లారిపోయాయి. ఆ చల్లటి నీళ్లే వాడి ఛాతీలోకి దిగాయని అమ్మ నమ్మకం. నాయనమ్మ ఆ మాట పైకి అంది, ఒకే ఒక్కసారి. అమ్మ ఆ తర్వాత దాన్ని లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుందో ఎవరికి తెలుసు. అప్పట్నించీ ఏ బిడ్డకి నీళ్లు పోస్తున్నా, బయట కొంపలు అంటుకుంటున్నాయని అరిచినా అమ్మ కదలదు. మోచెయ్యి ముంచి చూస్తుంది, మళ్లీ ముంచి చూస్తుంది.

ఇంట్లో నోరు విప్పితే నేను చెయ్యబోయేది ఏమిటి? ఆ చల్లటి నీళ్లని అమ్మ చేతుల్లోంచి లాక్కుని, వాటి బదులు ఆమె రక్తాన్నే ఆమె చేతుల్లో పెట్టడం. నీళ్లయితే ఒక్కపూట పొరపాటు. రక్తం అలా కాదు. నీళ్ల విషయంలో అమ్మ తనని తాను తిట్టుకోగలదు. తిట్టుకోవడంలో కూడా ఒక ఆసరా ఉంటుంది, ఆ రోజు నేను లేవకుండా ఉంటే వాడు ఉండేవాడు అనుకోవచ్చు. ఏమీ చెయ్యగలిగింది లేదు, నువ్వు వాణ్ణి కన్నప్పుడే అయిపోయింది అని చెబితే ఆ ఆసరా కూడా పోతుంది.

ఇది అమ్మ మీద జాలి అనుకుంటూ కొన్ని స్టాపులు దాటాను. తర్వాత అనుమానం వచ్చింది. జాలికి ఇంత మంచి మాటలు దొరకవు. ఇన్ని మంచి మాటలు దొరుకుతున్నాయంటే వెనకాల ఇంకేదో ఉండాలి.

ఉంది. మా ఇంట్లో ఏ గొడవా లేని మనిషిని నేను. తమ్ముడు పోయాడు, నాన్న పోయాడు, చెల్లి పెళ్లి రెండుసార్లు ఆగి జరిగింది, అమ్మకి చక్కెర జబ్బు. నాకు మాత్రం జలుబు కూడా రాదు. "దానికేం, రాయి" అంటుంది అమ్మ, ప్రేమగా. అందరి బాధలనీ నా పక్కన పెట్టి చూసుకుంటారు, ఎంత ఉందో తెలియడానికి. ఇంట్లో కూడా కంట్రోల్ నేనే. ఆ కుర్చీలోంచి లేవాలంటే నాకు భయంగా ఉంది. లేస్తే దాంట్లో కూర్చునేవాళ్లు ఎవరూ లేరు.

ఇలా అనుకునేసరికి నా స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచాను. దారంతా ఎవరెవరో వాళ్ల ఇళ్ల ముందు నిలబడి బెల్లు కొడుతున్నారు. లోపల ఎవరో ఒకరు లేచి వస్తున్నారు. ఎంత మామూలుగా లేచి వస్తున్నారో! చెప్పులు ఈడ్చుకుంటూ, వస్తున్నా వస్తున్నా అంటూ.

*

మా తలుపు చెల్లి తీసింది. చంకలో కొడుకు. వాణ్ణి అందరం బుడంకాయ అంటాం. పుట్టినప్పుడు అంత గుండ్రంగా ఉండేవాడు. ఇప్పుడు పేరు ఒక్కటే గుండ్రంగా మిగిలింది.

"వచ్చిందిరా రక్తపిశాచి! పారిపో!" అంది చెల్లి.

"పెమ్మా," అన్నాడు వాడు. పెద్దమ్మ అనడం ఇంకా రాదు. కళ్లు బరువుగా ఉన్నాయి, చెవిలో దూది ఉంది.

ఆ దూదిని చూడకుండా చెప్పులు విప్పాను. విప్పడం అంతసేపు పట్టే పని కాదు.

"మళ్లీ ఏమైందే?"

"ఏమవుతుంది, మామూలే. మా ఆయన ఊళ్లో లేడు, ఒక్కదాన్నీ చూసుకోలేక ఇటొచ్చేశా. వీధి చివర డాక్టరు మందు మార్చాడు. తెల్లది అయింది, పసుపుది అయింది, ఇప్పుడు గులాబీ రంగుది. ఇంకో రెండు జ్వరాలొస్తే ఇంద్రధనుస్సు పూర్తవుతుంది."

"పళ్లొస్తున్నాయిలే, అందుకే," అంది వంటింట్లోంచి అమ్మ.

"నోటినిండా వచ్చేశాయమ్మా! ఇంకా రావడానికి వాడేమన్నా మొసలా?"

"నీకూ ఇలాగే ఒళ్లు వెచ్చబడేది. బాగానే ఉన్నావుగా ఇప్పుడు?"

"నేనా? బాగానే ఉన్నా. బుర్రకెక్కింది ఆ వేడి." చెల్లి నా వైపు తిరిగింది. "డాక్టరు చెప్పాడు, మూడేళ్లు దాటితే ఇవన్నీ అవే పోతాయట."

అమ్మ గరిటె కదిలించడం ఆగింది. ఎంతోసేపు కాదు. చెల్లికి తెలియదు, తను అప్పుడు లేదు. నాకు తెలుసు. సరిగ్గా ఆ మాటే తమ్ముడి గురించి మా వీధి డాక్టరు అమ్మతో అన్నప్పుడు నేను ఆమె కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను.

అప్పుడు చెప్పాల్సింది. ఆ గరిటె ఆగిన చోట నా మాటకి చోటు ఉంది. నేను పెదవులు విప్పాను కూడా.

"ఏంటే, చేపలా నోరు తెరుస్తున్నావు?" అంది చెల్లి. "అలిసిపోయావా? ఆ చెయ్యి ఏంటి, అలా మడిచి పట్టుకున్నావు?"

"ఏం లేదు. రక్తం ఇచ్చా."

"నీ రక్తం ఎవరికి పనికొస్తుందే? రాయిలోంచి రక్తం తీశారా?"

అమ్మ నవ్వింది. బుడంకాయ అందరి మొహాలూ చూసి, తనూ నవ్వి, దగ్గాడు. నవ్వే ముందు వాడు ఆగలేదు. వాడికి ఇంకా ఆగడం రాదు. కొన్నాళ్లు పోతే నేర్చుకుంటాడు.

రాత్రి కంచం ముందు కూడా ఆ ఆలోచనే. అన్నం కలుపుతూ కూర్చున్నాను. వాడు నా ఒళ్లోకి ఎక్కి పడుకున్నాడు. ఒంటి వేడి చీరలోంచి తొడకి తగులుతోంది. వాడి లోపల, ఎముకల మధ్య మెత్తటి చీకట్లో, ఏం జరుగుతోందో వినిపిస్తుందేమో అన్నట్టు వీపు మీద చెయ్యి వేశాను. అక్కడ చిన్న చిన్న కణాలు పుడుతున్నాయి, తలుపులు బిగించుకుంటున్నాయి, ఎవరైనా తడతారని ఎదురు చూస్తున్నాయి. లేదా ఎవరూ ఎదగలేదు, ఇళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. రెండూ ఒకేలా ఉంటాయి బయటికి. నా చేతికి వాడి ఊపిరి తప్ప ఇంకేమీ తెలియలేదు. తెలుసుకునే యంత్రం ఉన్న గది ఒక బస్సు దూరంలో ఉంది, దాన్ని నడిపేది నేను, వాడు నా ఒళ్లోనే ఉన్నాడు. ఈ మూడింటినీ కలిపే ఒక్క మాట మాత్రం నా దగ్గర కదలడం లేదు.

*

పొద్దున వాడికి వేడి తగ్గింది. అమ్మ వాడికి నీళ్లు పోస్తానంది.

"జ్వరం నించి లేచాడు, తుడిస్తే చాలదా?" అంది చెల్లి ఫోన్లోంచి మొహం ఎత్తకుండా.

"చెమట పట్టేశాడు. గోరువెచ్చగా రెండు చెంబులు, అంతే."

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అమ్మ మోచెయ్యి ముంచింది. మళ్లీ ముంచింది. ఎవరో బయట బెల్లు కొట్టారు. అమ్మ తల తిప్పలేదు. చెల్లి వెళ్లింది. పాలవాడో ఎవరో.

తల మీద నీళ్లు పడేసరికి బుడంకాయ గట్టిగా ఏడుపు లంకించుకున్నాడు. నోరు అంత పెద్దది చేసి, గొంతులోకి కిటికీ వెలుగు పడేలా. నేను చూడాలనుకోలేదు. చూడకుండా ఉండటానికి నిన్న సాయంత్రం నుంచీ ఎన్నో పనులు కల్పించుకున్నాను. కానీ కళ్లకి అలవాటైన పని అది. కొండనాలుకకి అటూ ఇటూ ఉండాల్సిన రెండు గడ్డలు లేవు. బి కణాలు లేని పిల్లలకి అవి పెరగవు. నున్నగా ఉంది. ఎవరో అరచేత్తో తుడిచేసినట్టు.

"అలా వంగి చూస్తున్నావేంటే?" అంది అమ్మ.

"టాన్సిల్స్."

"వాచాయా?"

"లేవు."

అమ్మ చెంబు పక్కన పెట్టింది. తువ్వాలు వాడి చుట్టూ చుట్టింది, తల తుడిచింది, చెవుల వెనక తుడిచింది. తర్వాత, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "వాడికీ ఉండేవి కావు," అంది.

వాడు అంటే ఎవరో నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ మాట అమ్మ నోట నేను వినడం నా చిన్నప్పటి తర్వాత ఇదే.

"డాక్టరు లైటు వేసి చూసి, మీ వాడికి ఆ బాధ లేదమ్మా, గొంతు అద్దంలా ఉంది అన్నాడు. ఎంత సంబరపడ్డానో. వీధిలో అందరికీ చెప్పుకున్నా. ఒక్కటైనా బాగుంది కదా అని." తువ్వాలు అంచు మెలిపెట్టింది. "ఆ నీళ్లు గనక..."

"నీళ్లవల్ల కాదమ్మా."

నేనే అన్నాను. గొంతు నాదే.

అమ్మ నా వైపు చూసింది. ఎప్పుడూ అంత సూటిగా చూడదు.

"మరి?"

నిన్నటి నుంచీ కూర్చిన వాక్యాలన్నీ అమ్మతో మొదలయ్యేవి. నీ దగ్గర్నించి, నీ రక్తంలో, నువ్వు కన్నప్పుడు. అందుకే ఒక్కటీ బయటికి రాలేదు కాబోలు. ఇప్పుడు చేతికి దొరికింది వేరే కొస.

"నాలో ఒకటి ఉందమ్మా. నిన్న తెలిసింది. మా దగ్గర రెండుసార్లు చూశారు. అదే తమ్ముడిలో ఉండుంటుంది. మగపిల్లలకి అది జబ్బవుతుంది. చన్నీళ్లు పోసినా వేన్నీళ్లు పోసినా ఒకటే, వాడి ఒంట్లో ఎదిరించడానికి ఏమీ తయారు కాలేదు. నువ్వు ఆ రోజు లేవకపోయినా జ్వరం వచ్చేది."

బుడంకాయ తువ్వాల్లోంచి చెయ్యి తీసి ఆమె గాజులు లాగుతున్నాడు.

"నీకేమన్నా అవుతుందా?" అంది అమ్మ.

నేను ఎన్ని ప్రశ్నలు ఊహించుకున్నానో, వాటిలో ఇది లేదు.

"నాకేం కాదమ్మా."

"నిజం చెప్పు."

"ఒట్టు. నేను రాయినే."

"మరి వీడికి?" ఇది చెల్లి. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. మొహంలో జోకు ఏదీ లేదు. జోకు లేని చెల్లి మొహం అచ్చం అమ్మలాగే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

"తెలీదే. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూస్తే తెలుస్తుంది. ఉన్నా ఇప్పుడు మందుంది, అప్పట్లా కాదు."

"ఎక్కడ చూడాలి?"

"నా దగ్గరే."

"నీ దగ్గరా? నిన్న సాయంత్రం నించీ నీ ఒళ్లోనే ఉన్నాడుగా వాడు! నోట్లో ఏం పెట్టుకున్నావే?" నా మీదికి ఒక్క అడుగు వేసింది. పాలు కొద్దిగా నేల మీద ఒలికాయి. తుడవడానికి ఎవరూ వంగలేదు.



అమ్మ తన ముంజేతిని తిప్పి, లోపలివైపు నీలంగా కనిపించే నరాలను కాసేపు చూసుకుంది. "నీకెక్కణ్ణించి వచ్చింది?" అని అడగబోయి, అడగలేదు. అడగడానికి విప్పిన నోరు అలాగే ఉండి, మెల్లగా మూసుకుంది. అర్థమైపోయింది. అది ఆమె మొహం మీదుగా వెళ్లడం నేను చూశాను. బల్లెం దిగినట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. చాలాకాలంగా ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషి రెండో పక్కకి తిరిగినట్టుంది. అటు కూడా నొప్పే. కానీ వేరే నొప్పి.

"మా అమ్మకీ ఇద్దరు పోయారు, మగపిల్లలే," అంది అమ్మ చివరికి. "దిష్టి అనేవాళ్లు." తర్వాత వాడి చొక్కా అందుకుంటూ, "ఇవాళ తెరిచి ఉంటుందా మీ ఆఫీసు?" అంది.

"ఉంటుంది."

"అయితే ఇంకా నిలబడ్డారేం ఇద్దరూ?"

చెల్లి గిన్నె దించి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. అమ్మ వాడికి చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, నా ముందు నేల మీద నిలబెట్టింది. వాడు గది మూలకి పరిగెత్తి చెప్పులు పట్టుకొచ్చాడు. బయటికి వెళ్తున్నాం అని వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నాకు ఇవ్వకుండా తనే వేసుకుంటానని కింద చతికిలపడి, కుడిది ఎడమకాలికి దూర్చాడు.

నేను వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. చెప్పు విప్పి, సరైన కాలికి తొడిగి, పట్టీ లాగి గట్టిగా అంటించాను.